తుపాను వస్తోందంటే చప్పట్లు కొట్టినవాళ్ళం

మా ఆయనకు హిందూపురంలో బోరు మోటార్ల అంగడి ఉంది. పోయినేడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్ళు డీలర్లందరికీ ఒక యాత్ర ప్రకటించారు. చెన్నైలో ఓడ ఎక్కిస్తారు, విశాఖపట్నం చూపిస్తారు, మళ్ళీ చెన్నైలో దించుతారు. ఒక్కో డీలరు తరఫున ఇద్దరు రావచ్చు. మామూలు ఓడ కూడా కాదు, క్రూయిజ్ అట. లోపల ఈతకొలను, నాటకాల హాలు, ఎప్పుడు పోయినా పెట్టే భోజనశాల. ఆ ఫొటోలు చూసి చూసి నేను ఫోను అరగదీశాను. తీరా బయలుదేరే వారం వచ్చాక మా ఆయన చల్లగా చెప్పాడు, తనకు నీళ్ళంటే భయమని. మోటార్లు అమ్మేవాడికి నీళ్ళంటే భయమేమిటని గట్టిగా అడిగాను.

"మన బోర్లలో నీళ్ళొస్తే కదమ్మే, అలవాటయ్యేదానికి" అన్నాడు.

అలా రెండో టికెట్టు మా అత్తకు దక్కింది. దక్కిందనడం కంటే అంటగట్టామనడమే నిజం. అత్త ఉండేది మాతో పెనుకొండలోనే గానీ ఆమె ప్రాణం మాత్రం తాడిమర్రి దగ్గరున్న చేలో ఉంటుంది. వీలు దొరికితే చాలు, రైలెక్కి ధర్మవరంలో దిగి, అక్కడినుంచి ఆటోలో చేనికి పోయి వస్తుంది. ఆ చేలో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. మోటార్లమ్మేవాళ్ళ చేలోనే నీళ్ళు లేవని ఊళ్ళో మమ్మల్ని ఆటపట్టించని మనిషి లేడు. వరసగా రెండేళ్ళు పంట పోయింది. మూడో ఏడు కంది విత్తేటప్పుడే మా ఆయన తల్లితో తెగేసి చెప్పాడు.

"అమ్మా, ఈ తూరి గూడా పోతే చేను సోలారోళ్ళకు ఇచ్చేద్దాం. వాళ్ళు పలకలు పెట్టుకుంటారు. నువ్వు ఆ ఎండలో పడి అల్లాడేది నేను చూడలేను."

అత్త "సరే" అంది. ఆమె ఒకసారి సరే అంటే అది మారదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు కాబట్టే ఆ ఏడు కంది చేను గురించి ఇంట్లో ఎవరమూ తేలిగ్గా మాట్లాడేవాళ్ళం కాదు. చెట్లు బాగానే లేచాయి, పూతకు వచ్చాయి. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేసింది. ఒక్క పదును వాన పడితే కాయ పట్టేస్తుంది. పడకపోతే పూత రాలిపోతుంది, దాంతో చేనూ పోతుంది.

"కంది పూత మీదుండాది. నేను ఓడలో ఊరేగాల్నా?" అంది అత్త.

నేను ఎంత బతిమాలినా కదల్లేదు. అప్పుడు మా ఎదురింటి టీచరమ్మ, నన్ను భయపెట్టాలనే అనుకుంటాను, నవంబరులో సముద్రం మీదికి ఎవరైనా పోతారా, తుపాన్లు వచ్చే కాలం కదా, అందుకే కంపెనీవాడికి టికెట్లు చవగ్గా దొరికుంటాయి అంది. ఆ మాట వినగానే అత్త ముఖం వెలిగిపోయింది.

"తుపాను వస్తాదా? అయితే పోదాం పా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సీమలో తుపాను అంటే గాలి కాదు, కూలిన కరెంటు స్తంభాలు కాదు. అదెక్కడో సముద్రంలో పుట్టి, తన కోపమంతా కోస్తాలో తీర్చుకుని, మా దాకా వచ్చేసరికి మెత్తబడి, సన్నగా ముసురు పట్టి రెండు మూడు రోజులు కురుస్తుంది. ఆ రోజుల్లో బళ్ళకు సెలవు. ఇంట్లో వేడి రాగిముద్ద, పొయ్యి దగ్గర వేయించిన చెనిక్కాయలు. "తుపాను పట్టిందంట" అని మావాళ్ళు పెళ్ళి కుదిరిన వార్తలాగ చెప్పుకుంటారు. అత్త దృష్టిలో ఆ ఓడ ప్రయాణం వానకు ఎదురెళ్ళి ఇంటికి పిలుచుకొచ్చే పని.

చెన్నై రేవులో సంచులు తనిఖీ చేసేచోట అత్త నూరి తెచ్చిన ఊరిబిండి పచ్చడి డబ్బాను పట్టుకున్నారు. బయటి తిండి తీసుకుపోకూడదట. "ఓడలో ఊరిబిండి పెడతారా?" అని అత్త ఆ తనిఖీ మనిషిని తెలుగులో నిలదీసింది. అతను తమిళంలో ఏదో చెప్పాడు. ఇద్దరికీ అర్థమైంది ఒక్కటే, డబ్బా ఇక రాదని. ఓడ ఎక్కాక లైఫ్ జాకెట్లు వేసుకోవడం నేర్పించారు. అత్త పట్టుచీర మీద ఆ నారింజ రంగు జాకెట్టు బిగించుకుని, దాన్ని విప్పనని మొండికేసి, ఫొటో తీయించుకున్నాకే విప్పింది. ధర్మవరం చీర అంచు కనపడేలా పక్కకు తిరిగి మరీ నిలబడింది.

ఓడ కదిలాక పైకప్పు మీదికి వెళ్ళాం. నాలుగు దిక్కులా నీళ్ళే. నా జీవితంలో అంత నీలం నేను చూడలేదు. అత్త కమ్మీ పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇవన్నీ ఉప్పు నీళ్ళేనా?"

"అన్నీ ఉప్పేనత్తా."

"ఏం లాభం" అని వెనక్కి తిరిగింది. ఈతకొలను దగ్గర మాత్రం ఆగి, ఆ నీళ్ళు మంచివేనని రూఢి చేసుకుని, అవి మన చేనికి ఒక తడికి వస్తాయో రావో అని లెక్క వేసుకుంటూ కూర్చుంది. ఆ నీళ్ళలో ఈదుతున్న వాళ్ళను ఆమె చూసిన చూపుకి ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చేశారు కూడా.

భోజనాల దగ్గర మా బల్లకు కోనసీమ నుంచి వచ్చిన ఒకావిడ తోడైంది. ఆమె భర్త కూడా మోటార్ల డీలరే. ఆవిడకు మా అత్త వయసే ఉంటుంది. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. కలిసిన పూటకే ఇద్దరూ వదినలైపోయారు. ఆవిడ మాటలు అత్తకు పాటల్లాగ వినిపించేవట. అత్త మాటలు ఆవిడకు పోట్లాటలాగ వినిపించేవని తర్వాత చెప్పింది. కంది పులుసు ఎలా చేయాలి, పులస చేప ఎలా తినాలి అని ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. అత్త జన్మలో చేప ముట్టలేదు. అయినా ముళ్ళు తీసే పద్ధతి శ్రద్ధగా అడిగి తెలుసుకుంది.

రెండో రోజు ఓడ ఊగడం మొదలైంది. నేను మంచం దిగలేకపోయాను. అత్త నిమ్మకాయ చేతికిచ్చి, ఎద్దులబండి ఎక్కినోళ్ళకు ఇదొక ఊగడమా అని నన్ను వెక్కిరించింది. సాయంత్రం అందరినీ నాటకాల హాలుకు రమ్మన్నారు. వేదిక మీదికి కంపెనీ మేనేజరు వచ్చి, ముఖం దిగేసుకుని మైకు అందుకున్నాడు. బంగాళాఖాతంలో తుపాను పట్టిందనీ, విశాఖపట్నం రద్దయిందనీ, ఓడ వెనక్కి చెన్నైకి తిరుగుతోందనీ, ఇందుకు ఎంతో చింతిస్తున్నామనీ చెప్పాడు.

మా అత్త చప్పట్లు కొట్టింది.

ఆమె ఒక్కతే అయితే ఏదోలే అనుకోవచ్చు. మా వెనక కదిరివాళ్ళు కొట్టారు, కొత్తచెరువువాళ్ళు కొట్టారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన వరస వరసంతా మోగిపోయింది. నేనూ కొట్టాను. విశాఖపట్నం పోయిందన్న బాధ నాకు చప్పట్లు ఆగాక గాని గుర్తురాలేదు. మేనేజరు పాపం, తన మాటల్లో ఎక్కడ తప్పు దొర్లిందోనని చేతిలోని కాగితం చూసుకున్నాడు. హాలులో కోస్తావాళ్ళంతా మా వైపు తిరిగి చూశారు. కోనసీమ వదిన మాత్రం చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి వెళ్ళిపోయింది.

అత్త ఆమె వెనకే పోయింది. ఆమె వెనక నేను, నిమ్మకాయతో సహా.

"ఏమైంది వదినా? కడుపులో తిప్పుతాందా?"

"చేలు కోసేశామండీ. వరి మొత్తం పనల మీదుంది" అంది ఆవిడ.

నాకు అర్థం కాలేదు. కోసిన వరి ఆరడానికి చేలోనే పరిచి ఉంచుతారట, వాటినే పనలు అంటారట. అది ఆవిడ నాకు చెబుతుండగానే అత్త ముఖం మారిపోయింది. ఆమెకు నాకు చెప్పినట్టు వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. పెరికిన చెనిక్కాయ చేలో వాన పడితే ఏమవుతుందో ఆమె ఎన్నిసార్లో చూసింది. కాసేపటి కింద చప్పట్లు కొట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

"మాకు తుపాను అంటే వానే వదినా. ఇంకేమీ తెలీదు మాకు" అంది. తన కంది సంగతి, సోలారోళ్ళ సంగతి మొత్తం చెప్పింది. ఆవిడ వింది. విని, మీరు చప్పట్లు కొట్టడంలో తప్పేముందండీ అంది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, హాలు బయటి టీవీలో తిరుగుతున్న తుపాను సుడిని చూడసాగారు. ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటి ఉండకపోదని అత్త నమ్మకం.

"కిందికి దిగి నెల్లూరు పక్క ఒడ్డెక్కిందంటే మీకూ తగల్దు, మాకూ పడతాది" అని తేల్చింది.

వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన దగ్గాడు. "మాది నెల్లూరేనమ్మా. మేమేం పాపం చేశాం?"

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ పెద్దాయన రొయ్యల చెరువుల మీద బతికే మనిషి. అందుకే నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పొద్దున ఒడ్డు దగ్గరపడి ఫోన్లకు సిగ్నలు రాగానే ఓడలో జనమంతా కమ్మీల దగ్గరికి పరుగెత్తారు. వదిన కొడుకు ఫోను ఎత్తాడు. ఆవిడ "నాన్నా, ఏం చేద్దామంటావురా" అని మెల్లగా మొదలుపెట్టేసరికి అత్తకు ఓపిక చాలలేదు. ఫోను లాక్కుంది.

"ఏమప్పా, ఇంగా ఏం చేద్దామని అడిగేదేముండాది? ఉన్నోళ్ళందర్నీ పిల్చుకోని కుప్ప వేయి. మీద పట్టలు కప్పు. నిలబడి మాట్లాడొద్దు, పో!"

"ఎవరండీ మీరు?" అన్నాడతను.

"ఎవరైతే ఏమి, పోరా నాయనా!"

"బరకాలు కప్పమంటున్నార్రా" అని పక్కనుంచి వదిన అనువాదం చేసింది.

రేవులో విడిపోయేటప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. మంచి జరగాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పుకుంటారు?

బెంగళూరు వచ్చి మా రైలు ఎక్కాం. హిందూపురంలో మబ్బు పట్టి ఉంది గాని నేల పొడిగానే ఉంది. అత్త కిటికీలోంచి చెయ్యి బయటపెట్టే కూర్చుంది. పెనుకొండ వచ్చేసరికి కొండ కనపడలేదు, మబ్బు కిందికి దిగిపోయింది. ఆమె అరచేతిలో రెండు చినుకులు పడ్డాయి. ప్లాట్‌ఫారం మీద మా ఆయన గొడుగుతో నిలబడి ఉన్నాడు.

"దిగమ్మా!"

"నేను దిగను. చేను చూసొస్తా."

"వానలో యాడికి పోతాండావు?"

"వానుండాదనే కదరా పోతాండేది!"

నేనూ దిగలేదు. రైలు కదులుతుంటే మా ఆయన ఏం చేయాలో తోచక గొడుగుతో పాటు ఎక్కేశాడు. స్కూటరును స్టేషను దగ్గరే వదిలేశాడు. ధర్మవరంలో దిగేసరికి వాన నిలబడి కురుస్తోంది. ఆటోవాడు చేను దాకా రానన్నాడు, దారి మధ్యలో దించేశాడు. చెప్పులు చేతపట్టుకుని బురదలో నడిచాం. కంది పూత పసుపు పచ్చగా తడిసి వంగి ఉంది. అత్త ఒక చెట్టు మొదట్లో వేలు గుచ్చి చూసింది. వేలంతా దిగింది.

బోరు దగ్గర మోటారు కోసం వేసిన రేకుల కొట్టంలోకి ముగ్గురం దూరాం.

"సోలారోళ్ళకు ఏం చెప్తావురా?" అని అత్త అడిగింది.

మా ఆయన గొడుగు దులుపుకుంటూ "వాళ్ళకు ఎండ కావాలంట. ఈడ యాడుండాది ఎండ?" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో సంతోషం దాచుకోలేకపోయాడు. నేను నవ్వేశాను. అత్త మాత్రం నవ్వలేదు. నా ఫోనులో కోనసీమకు కలిపి స్పీకరు పెట్టమంది, తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"సగం కుప్పేశారండీ, మీరు అరిచిన అరుపుకి" అంది వదిన. "మిగతాది నీళ్ళలోనే ఉందండీ. పోన్లెండి, సగమైనా మిగిలింది. మీకెలా ఉంది? పడిందా?"

అత్త చేను వైపు చూసింది. మా ఇద్దరి వైపు, మాట్లాడకండి అన్నట్టు చూసింది.

"యాడ పడిందిలే వదినా. ఏదో తుంపర."

అంతలో వాన పెద్దదై రేకుల మీద దడదడలాడింది.

"ఆ చప్పుడేంటండీ?"

"మా కోడలు ఒడియాలు వేపుతాండాది" అంది అత్త.

అవతల ఆవిడ నవ్వింది. మనసారా నవ్విన నవ్వే అది.

"వదినగారండీ, వానలో పుట్టి వానలో పెరిగినదాన్ని. రేకు మీద వాన చప్పుడు నాకు తెలీదాండీ? పడనీండి. మీకన్నా పడింది కదా, బాగా పడనీండి."

నాకు ఏడుపొచ్చింది. అత్త ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, చెయ్యి చాపి, రేకు అంచు దాకా పట్టింది. ఫోను తడుస్తాదమ్మా అని మా ఆయన అంటూనే ఉన్నాడు. అవతల ఆవిడ ఫోను పెట్టేయలేదు, వింటూ ఉంది.