రంగం పిన్ని నేర్చిన తెలుగు

మొన్న మా వీధి లైబ్రరీలో కొత్త బీరువాకి కొలతలు తీసుకుంటూ ఉంటే, లైబ్రరీ నడిపే మాస్టారు వచ్చి కింది అర ఎత్తు కాస్త పెంచమన్నారు. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒరియా కుటుంబాల వాళ్లు తెలుగు నేర్చుకోడానికి వస్తున్నారట. పెద్ద అక్షరాల పుస్తకాలు ఆ అరలో పెడతారట. "ఏ పుస్తకం తర్వాత ఏది ఇవ్వాలో నీకు తెలుసు గదయ్యా, మీ పిన్ని చదువు చూశావు" అన్నారు. నేను టేపు చుట్టేసి, కొలతలు తప్పు రాసుకుని ఇంటికి వచ్చాను. ఓవర్సీరు పని చేసేవాడికి అది చిన్న తప్పు కాదు.

మా చిన్నాన్న కుర్రతనంలోనే ఓడెక్కి రంగం వెళ్లాడు. బర్మాలోని రంగూన్‌ని మా వైపు రంగం అనే అంటారు. అక్కడ బియ్యం మిల్లులో పని, అక్కడి పిల్లతోనే పెళ్లి. యుద్ధంలో జపాను వాళ్లు బాంబులు వేస్తే, అందరితోపాటు వీళ్లూ కొండలూ అడవులూ దాటి నడిచి బయల్దేరారు. మా గుమ్మంలోకి వచ్చింది మాత్రం పిన్ని, ఆమె చంకలో పాప. వెంట తీసుకొచ్చిన పెద్దమనిషి, దారి చివర్లో ఆమె తమ జట్టులో కలిసిందనీ, చిన్నాన్న వెనక కొండల్లోనే పోయాడనీ, అంతకుమించి తనకు తెలియదనీ చెప్పి, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

మా మామ్మకు, అంటే చిన్నాన్న తల్లికి, అది చాల్లేదు. కొడుకు ఎలా పోయాడో చూసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మనిషికి తెలుగు రాదు. "ఏటయ్యిందే నా కొడుక్కి? సెప్పవే" అని మామ్మ రోజూ అడిగేది. పిన్ని నోరు తెరిచి, తన భాషలో నాలుగు మాటలు అని, ఆగిపోయేది.

చదువు మధ్యలో ఆగి ఇంట్లో ఉన్న నేను ఆమెను లైబ్రరీకి తీసుకెళ్లాను. మేడ మీద ఒకే గది. కింద బెల్లం దుకాణం. పుస్తకాలకు కూడా బెల్లం వాసనే. మాస్టారి పద్ధతి వరసగా చెప్పవచ్చు: ముందు బొమ్మల పుస్తకం, తర్వాత పిల్లల కథలు, ఆ తర్వాత వారపత్రిక, చదివిందే మళ్లీ పైకి చదవాలి, మధ్యలో ఎవరూ తప్పు దిద్దకూడదు. మేం మెట్లెక్కుతుంటే బెల్లం షావుకారు "రంగం బొమ్మ సదువుకెల్తన్నాదిరోయ్" అని నవ్వేవాడు. మాస్టారు పైనుంచి "నువ్వూ రావయ్యా, నీకూ అచ్చులొస్తాయి" అనేవారు.

వంటింటి మాటలు ముందు నేర్చుకుంటుందనుకున్నాం. ఆమె పట్టుపట్టి అడిగినవి వేరు: కొండ, బురద, జ్వరం, మోయడం. బొమ్మ మీద పెట్టిన వేలు నేను పేరు చెప్పేదాకా తీసేది కాదు. పుస్తకాల తెలుగు కాబట్టి ఇంట్లో కూడా "అత్తా, అన్నము ఉడికినది" అనేది. మామ్మ నుదురు కొట్టుకునేది. "ఇదేటే! కూడొండమంటే హరికత సెప్తన్నావు!" ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినబడింది ఆ ఒక్క విషయంలోనే. పిన్ని కూడా నవ్వేది.

ఒక మధ్యాహ్నం, పాపను నిద్రపుచ్చి, పిన్ని వచ్చి మామ్మ ఎదుట నేల మీద కూర్చుంది. పాఠం ఒప్పజెప్పేవాళ్లలా చేతులు కట్టుకుంది.

"అత్తా, మీ కుమారునికి జ్వరము వచ్చెను. నడువలేకపోయెను. నేను ఇద్దరిని మోయలేకపోతిని. బిడ్డను ఎత్తుకొని, ఆయనను విడిచితిని. అప్పటికి ఆయన జీవించియుండెను."

వాక్యాల్లో ఒక్క తప్పూ లేదు. మామ్మ నావైపు తిరిగింది. "ఏటంతందిరా? నాకు తెలిసేటట్టు సెప్పు."

"జొరమొచ్చి పోయినాడంట మామ్మా. పిన్ని ఒల్లోనే పోయినాడంట" అన్నాను.

"కాదు" అంది పిన్ని. నా మీద కోపంగా కూడా అనలేదు. మామ్మనే చూస్తూ, ఈసారి మెల్లగా చెప్పింది. "అత్తా, ఒగ్గీసినాను. బతికున్నాడు. నానే ఒగ్గీసినాను."

ఒగ్గీయడమంటే వదిలెయ్యడం. ఆ మాట లైబ్రరీలో ఏ పుస్తకంలోనూ లేదు. పొద్దున్నే దూడ కట్టు విప్పేటప్పుడు మామ్మ నోటి నుంచి వచ్చే మాట అది.

మామ్మ, "నీల్లైనా పక్కనెట్టినావా?" అంది.

"నీల్లు లేవు, అత్తా."

మామ్మ ఆమెను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. లేచి వెళ్లి, పాప మీద వాలే ఈగలు తోలుతూ కూర్చుంది. సాయంత్రం ఇద్దరూ ఒకే చేటలో బియ్యం ఏరారు. పిన్ని మళ్లీ లైబ్రరీకి రాలేదు. ఆమె కోసం మాస్టారు తీసిపెట్టిన వారపత్రికలు బల్ల చివర పేరుకుపోయాయి. ఏమైందని ఆయన అడిగితే, నేర్చుకోవలసింది అయిపోయిందన్నాను.

మామ్మ పోయి రెండు వానాకాలాలు దాటింది. చివరిదాకా పిన్ని పెట్టిన అన్నమే తింది. కొడుకు పేరు మాత్రం మళ్లీ ఎత్తలేదు. కళ్లు మూసుకుని వింటే పిన్ని ఈ ఊళ్లోనే పుట్టిందనుకుంటారు. పాపకు బర్మా మాట ఒక్కటీ గుర్తులేదు. ఇన్నేళ్లలో కాలం మా ఇంటి దుఃఖాన్ని తగ్గించలేదు. మెల్లగా దానికి మా యాస నేర్పింది, అంతే.