వాయిదా అడిగిన ఆదివారం

మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు పోయిన నెల క్యారమ్స్ పోటీలు పెట్టారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, పేరివ్వండి అని మా ఆవిడ పోరితే ఇచ్చాను. నాతో ఆడవలసినాయన ఎదురు బ్లాకులో ఉండే రిటైర్డు బ్యాంకు ఉద్యోగి. రేపు ఆట అనగా ఆయన ఫోనులో సందేశం పెట్టాడు, కొంచెం పని పడింది, ఆదివారానికి మార్చుకుందామా అని. నేను వెంటనే ‘మీ ఇష్టమండీ’ అని కొట్టాను గానీ, పంపబోయిన వేలు ఆగిపోయింది. అది చెరిపేసి, నాకే ఇబ్బందీ లేదనీ, ఆదివారం సాయంత్రం తప్పకుండా ఆడదామనీ, ఈలోగా పని నిదానంగా చూసుకోమనీ, సంఘం సెక్రటరీకి కూడా నేనే చెబుతాననీ రాసి పంపాను. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ తొంగి చూసి, క్యారమ్స్ ఆటకి ఇంత సంపాదకీయమా అని నవ్వబోయి, తనే ఊరుకుంది. ఆవిడకీ గుర్తొచ్చినట్టుంది.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి మొదటి భవనం లేస్తుంటే, ఆదివారాలు జనం పిల్లల్ని వెంటబెట్టుకుని తిరునాళ్ళకి వెళ్ళినట్టు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చిన మేము నిజాంపేటలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఆవిడకి బాచుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో టీచరుద్యోగం, నాకు ఒక దినపత్రికలో ఆటల పేజీ. ఇంట్లో ఫోను లేదు. అర్జీ పెట్టి ఎదురు చూస్తున్నాం. ఫోను కోసం అలా ఎదురు చూసే వాళ్ళుండేవారని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, మన తరం వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

గోల్ఫ్ నాకు అంటుకోవడం కూడా ఆ ఉద్యోగం వల్లనే. నానక్‌రామ్‌గూడ వైపు ఒక ప్రభుత్వ సంస్థ క్వార్టర్ల వెనక, సీతాఫలం పొదల్లో, అక్కడి అధికారులు తొమ్మిది గుంటల ఆటస్థలం ఒకటి తయారు చేసుకున్నారు. పచ్చిక పెంచేందుకు నీళ్ళు లేవు కనుక, గుంట చుట్టూ ఇసుకలో వాడేసిన నూనె కలిపి, దిమ్మిస కొట్టి నున్నగా చేసేవారు. దాని గురించి నాలుగు ముక్కలు రాద్దామని వెళ్ళిన నా చేతికి అక్కడి సెక్రటరీగారు ఒక కర్ర ఇచ్చారు. కొట్టిన బంతి ఒక మేకకి తగలబోయి తప్పింది. ఆ రోజు నుంచీ నాకు ఆదివారం పొద్దున ఇంట్లో కాలు నిలిచేది కాదు.

అక్కడే పరిచయమయ్యాడు అన్న. సంస్థలో మెయింటెనెన్సు విభాగంలో పనిచేసేవాడు. అసలు ఊరే నానక్‌రామ్‌గూడ. చిన్నా పెద్దా అందరూ అన్న అనే పిలిచేవాళ్ళు కనుక నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన భార్య మా ఆవిడ బళ్ళోనే టీచరని తర్వాత తెలిసింది. అన్న కర్ర ఎత్తితే కట్టెలు కొడుతున్నట్టుండేది, బంతి మాత్రం చెప్పిన చోటికి పోయేది. నాదేమో పుస్తకం చదివి నేర్చుకున్న ఆట. నేను బంతి ముందు నిలబడి మోకాళ్ళు సర్దుకుంటుంటే ఆయన వెనకనుంచి ఊరుకునేవాడు కాదు.

“కొడ్తున్నరా సార్, బతిమాలుతున్నరా? బతిమాలితే పోదు గది, జర తిట్టాలె.”

నాలుగో గుంట ఎత్తు మీద ఉండేది. అక్కణ్ణించి చూస్తే వాళ్ళ ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి భూమి కనిపించేది. రోడ్డు పక్క నుంచి వెనక్కి పొడుగ్గా సాగిన మెట్టనేల, చివర ఒక బావి, బావి పక్కన ఆయన తల్లిదండ్రుల సమాధులు. అక్కడికి రాగానే అన్న కర్ర నేలకానించి ఒక నిమిషం అటు చూడకుండా ముందుకు కదిలేవాడు కాదు. “రోడ్డు దిక్కుది తమ్ములు తీసుకోని సార్, నాకు బాయి కాడిది చాలు” అనేవాడు. రిటైరయ్యాక బావి దగ్గర ఒక గది వేసుకోవాలి, నాలుగు మళ్ళు కూరగాయలు పెట్టాలి, అమ్మా నాయనా పడుకున్న చోటే తనూ ఉండాలి. మాదాపూర్‌లో ఆ భవనం లేచినప్పటి నుంచీ ఊళ్ళోకి కార్లలో కొత్త ముఖాలు వచ్చి పొలాల గట్ల మీద నిలబడి చూసిపోతున్నాయి. తమ్ముళ్ళు పంచుకుందామని తొందర పడుతున్నారు. పంపకాల నాడు నేనుండి నోరు తెరిచి అడుక్కుంటే చాలు సార్, రోడ్డు వదులుకుంటానంటే ఎవడు కాదంటాడు అని ఆయన ధీమా.

ఆ ఏడు సెక్రటరీగారు నాకౌట్ పోటీలు పెట్టారు. ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు ముందుకు. ఎవరైనా రాలేకపోతే ఎదుటి మనిషిని అడిగి వాయిదా వేసుకోవచ్చు. అతను ఒప్పుకుంటే సెక్రటరీగారికి కబురు చెప్పాలి. ఒప్పుకోకపోతే వచ్చి ఆడాలి, లేదా ఆడకుండానే గెలుపు ఎదుటివాడికి వదిలి వాకోవర్ ఇచ్చుకోవాలి. నేనూ అన్నా సెమీఫైనల్లో ఒకరికొకరం తగిలాం. అంతకు ముందే అధికారుల్లో ఒకాయన, ఈ ఊరివాళ్ళకి టైమంటే లెక్కుండదని నవ్వుతూ అన్నాడు. అన్న కూడా నవ్వేశాడు గానీ, ఆ మాట ఆయనలో ఎక్కడో మిగిలిపోయిందని నేను గమనించలేదు.

ఆట ఆదివారం పొద్దున. శనివారం సాయంత్రం అన్న మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఎక్కడో క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంది, నా పేజీ ఆగి ఉంది, పక్కన చీఫ్ సబ్ఎడిటరుగారు నిలబడి ఉన్నారు.

“సార్, నేను. రేపు ఇంట్ల చిన్న పనున్నది. జర వచ్చే ఆదివారం పెట్టుకుందమా?”

“మీ ఇష్టమండీ” అన్నాను.

“అట్లనా... సరే సార్” అని పెట్టేశాడు.

ఆ చిన్న పని పంపకాలు. మేనమామ ఊరినుంచి వచ్చాడనీ, రేపు పొద్దున్నే పెద్దమనుషులు కూర్చుంటారనీ అన్నకి ఆ మధ్యాహ్నమే తెలిసింది. అది చెబితే నన్ను ఇరుకున పెట్టినట్టవుతుందని, నేను ఒప్పుకోక తప్పని స్థితి కల్పించడం మర్యాద కాదని, అంత పనినీ చిన్న పని చేసి చెప్పాడు. నేను పెరిగిన ఇళ్ళల్లో ‘మీ ఇష్టమండీ’ అంటే మారు మాట లేకుండా ఒప్పుకోవడం. మామగారు ప్రయాణం ఎప్పుడు పెట్టుకుందామని అడిగితే మా నాన్న అదే అనేవాడు. అన్న వాళ్ళింట్లో ‘నీ ఇష్టం’ అంటే గొడవలో ఆఖరి మాట. నువ్వు చేసేది చెయ్యి, నాకు సంబంధం లేదు అని. పైగా ఆ సాయంత్రం పని ఒత్తిడిలో నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు. ఆ ఆదివారం సెలవు కోసం నేను ఒకరిని బతిమాలుకుని డ్యూటీ మార్చుకుని ఉన్నాను. అది మాటలోకి రాలేదని ప్రమాణం చెయ్యలేను.

నేను మాత్రం ఆట వాయిదా పడిందనే నిశ్చింతతో, వాయిదా అడిగినాయనే సెక్రటరీగారికి చెబుతాడనుకుని, ఆదివారం ఎండెక్కేదాకా పడుకున్నాను. లేచి మా ఆవిడతో కూకట్‌పల్లికి కూరగాయలకి వెళ్ళాను. వంకాయలు బాగున్నాయని ఇద్దరం సంబరపడ్డాం కూడా.

ఆ వేళకి అన్న ఆటస్థలంలో ఉన్నాడు. నేను కష్టపెట్టుకున్నాననుకుని, పొద్దున్నే ఆడేసి పెద్దలు కూర్చునే వేళకి ఇంటికి చేరుకోవచ్చని, నేనొచ్చేదాకా మాట కదపకండి అని తమ్ముడికి చెప్పి వచ్చాడు. నేను రాలేదు. కాసేపు చూసి సెక్రటరీగారు, ఇక చాల్లే, వాకోవర్ నీదే, వెళ్ళు అన్నారట. అన్న ఒప్పుకోలేదు. “పేపర్ సార్ స్కూటర్ సంగతి మీకు తెల్వదు. గచ్చిబౌలి కాడ తన్నుకుంట నిలవడ్డడేమో పాపం, జర ఆగుదం” అన్నాడట. అలా ఆగాడు, మళ్ళీ ఆగాడు. నేను వస్తే, ఆయన లేకపోతే, ఊరివాళ్ళ టైము గురించి ఆ అధికారి అన్నది నిజమవుతుంది కదా. చివరికి సెక్రటరీగారు బలవంతాన కాగితం మీద గెలుపు రాసి పంపించారు.

ఇంటికి వెళ్ళేసరికి పంపకాలు అయిపోయాయి. మేనమామకి తిరుగు ప్రయాణం ఉంది. పెద్దోడు ఆటకు పోయిండు, ఇగ ఎంతసేపు కూసుంటం అన్నారు ఎవరో. అయినా ఆయనకి ఎవరూ అన్యాయం చెయ్యలేదు. పెద్దవాడని గౌరవించి, అందరూ ఆశపడే రోడ్డు వైపు ముక్క ఆయనకి పెట్టారు. బావి వైపుది చిన్న తమ్ముడికి వెళ్ళింది. అతను అక్కడే కూర్చుని ఉన్న కొనేవాళ్ళకి మాటిచ్చేశాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం వాళ్ళింట లేదు.

ఇవేవీ నాకు తెలియవు. సోమవారం ఆటస్థలం బోర్డు మీద నా పేరు కొట్టేసి ఉండడం చూసి ఒళ్ళు మండిపోయింది. వాయిదా అడిగినవాడు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తను వెళ్ళి వాకోవర్ తీసుకున్నాడా! ఇది ఆటా, ఎత్తుగడా! అటు వైపు వెళ్ళడం మానేశాను. బళ్ళో ఆడవాళ్ళిద్దరి మధ్యా కూడా మాటలు తగ్గాయి. చాలా రోజులు గడిచాక, టిఫిను డబ్బాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఏమో, మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

“ఏమండీ, ఆ రోజు ఫోనులో అసలు మీరేమన్నారు?”

“మీ ఇష్టమండీ అన్నాను.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాతేముంది, అంతే.”

“సరిపోయింది. మా స్టాఫురూములో అన్న వాళ్ళావిడ ‘మీ ఇష్టం’ అందంటే మేము వారం రోజులు ఆవిడ జోలికి పోము” అని కూర్చుని, పంపకాల సంగతంతా చెప్పింది.

మర్నాడు నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. అన్న నన్ను చూసి ఏమీ జరగనట్టే కుర్చీ వేయించాడు. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ మాటకి మా వైపు అర్థం వేరని, ఒప్పుకున్నాననే అనుకున్నానని తడబడుతూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“ఒప్పుకున్నరా సార్? ఒప్పుకున్నట్టు చెప్పొద్దా మరి!” అని ఒక్కసారి నవ్వాడు. “నేను పంపకాలని చెప్పకపోతి, మీరు సరే అని చెప్పకపోతిరి. ఇద్దరం మంచోళ్ళమే, ఏంజేస్తం.”

తనతో రమ్మని భూమి దగ్గరికి తీసుకెళ్ళాడు. దారిలో ఎదురైనవాళ్ళు, రోడ్డు బిట్టు కొట్టినవ్ అన్నా, అదృష్టమంటే నీదే అని పలకరిస్తున్నారు. అవునవునని ఆయన తలూపుతున్నాడు. వెనక బావిని అప్పటికే రాళ్ళూ మట్టీ పోసి పూడుస్తున్నారు. లారీ ఎత్తి పోసినప్పుడల్లా లోపలి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆయన దాని వైపు చూడకుండా, “వాకోవర్ అంటే గిదే కద సార్, నడుసుకుంట పోవుడు” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వాకోవర్ తర్వాత వారం జరిగిన ఫైనల్‌కి ఆయన వెళ్ళలేదని కూడా అప్పుడే తెలిసింది. ఆడకుండా గెలిచినదాని మీద ఇంకో ఆటేంది అని సెక్రటరీగారికి చెప్పాడట.

మన ఆట మనం ఆడుకుందాం అని కలిసినప్పుడల్లా అనుకునేవాళ్ళం. ఒకసారి నాకు జ్వరం, ఒకసారి ఆయనకి డ్యూటీ. ఆటస్థలం చుట్టూ రేకుల గోడ లేచింది, ఆ తర్వాత దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డు ముక్క అన్నకి చాలా ఇచ్చింది. పిల్లలు పెద్ద చదువులు చదివారు, ఇప్పుడు ఆయన ఉంటున్నది అక్కడే లేచిన టవర్‌లో, మబ్బులకి దగ్గరగా. ఆ మధ్య మా ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. బాల్కనీలో నిలబడి, తమ్ముడమ్మిన భూమిలో లేచిన పక్క టవర్ చూపిస్తూ, బాయి గాడ ఉండె అన్నాడు. వేలు కొంచెం జరిపి, కాదు, గాడ అన్నాడు. మళ్ళీ జరిపాడు.

పోయిన పెద్దలకి పెట్టుకునే పెత్తరమాస నాడు అన్నం ముద్ద పట్టుకుని ఆ టవర్ సెల్లారులోకి వెళ్తాడట. కార్లు పెట్టుకునే చోట ఒక స్తంభం దగ్గర, అమ్మా నాయనల సమాధులు ఇక్కడే అయి ఉంటాయని అనుకున్న చోట పెట్టి వస్తాడట.

“గేటు కాడ పిల్లగాడు ఏ ఫ్లాటుకు పోవాలె అంకుల్ అని అడుగుతడు సార్. ఏమని రాయించాలె?”

ఇప్పుడు నగరంలో ఎవరి మాటకీ రెండర్థాలు లేవు. కుదిరితే కుదురుతుందంటారు, లేకపోతే లేదంటారు. పంపిన సందేశం చేరిందో, చదివారో కూడా అక్కడే తెలిసిపోతుంది. పదిహేను నిమిషాలు దాటితే ఎవరూ ఎవరి కోసమూ ఆగరు, ఆగవలసిన పనీ లేదు. ఇది మంచిదే, దీనివల్ల ఎవరి బావీ పూడిపోదు. అయినా ఒక మనిషి తన సమస్తమూ అవతల పెద్దమనుషులు పంచిపెట్టేస్తున్న వేళ, ఎండలో కర్ర పట్టుకుని, నా పాత స్కూటరు మీద నమ్మకంతో నేనొచ్చే దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. అలా నా కోసం ఇంకెవరూ నిలబడలేదు. నేను వెళ్ళలేదు.