జైనాబ్ కారుకు టర్బో

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మెకానిక్ షెడ్లన్నీ ఉండే సనాయియా పేట దాటి బాలన్న బయటికి వెళ్లి చాలా కాలమైంది. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, ఆ షెడ్డులోనే తల నెరిపించుకున్నాడు. పనివాళ్ల మీద సర్కారు వేసిన లెవీ పెరిగాక వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబ్దుల్ హమీద్ కట్టలేక చేతులెత్తేశాడు. షెడ్డు సర్కారు ఎరుపు జాబితాలో పడింది, బాలన్న అక్కడ ఉండేందుకిచ్చే ఇకామా కార్డు గడువు తీరిపోయింది. ఇకామా లేకుండా తనిఖీలో దొరికితే జైలు. లెవీ బాకీ తీరకుండా ఇంటికి వెళ్లే ఖురూజ్ వీసా పడదు. ఊళ్లో భార్య ఊర్మిల, గర్భసంచి ఆపరేషన్‌ను ఆయన వచ్చేదాకా అంటూ వాయిదా వేస్తోంది.

ఆడవాళ్లు బండి నడపవచ్చని అనుమతి వచ్చిన ఏడాది అది. కఫీల్ కూతురు జైనాబ్ కొండ దిగువ బడిలో టీచరు, అందరూ అబ్లా అని పిలుస్తారు. తండ్రి పాత చిన్న కారు తీసుకుని రోజూ తనే వెళ్లివస్తోంది. దిగేటప్పుడు బాగానే ఉండేది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఏసీ ఆపేసినా కారు ముక్కుతూ మూలుగుతూ వచ్చేది, వెనక లారీలు హారన్లతో తరిమేవి. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో పెడితే బలం వస్తుందని ఎవరో చెప్పారట. పెట్టవచ్చా అని బాలన్నను అడిగింది.

పెట్టకూడదని ఆయనకు తెలుసు. ఆ ఇంజను అంత ఒత్తిడికి పుట్టలేదు. లోపలి పిస్టన్లు మార్చకుండా టర్బో బిగించడమంటే ముసలి ఎద్దును కొరడాతో పరిగెత్తించడమే. పెద్ద ఇంజను బిగించడమే మేలు. కానీ అది జెద్దా పాత సామాన్ల బజారు నుంచి రావాలి, ట్రాఫిక్ ఆఫీసులో కాగితాలు మారాలి, నెలలు గడుస్తాయి. ఇటు కఫీల్ ఏమో, పిల్ల కారు బాగుచేసిన రోజే అప్పో సప్పో చేసి లెవీ కట్టి ఖురూజ్ వేయిస్తానన్నాడు. బాలన్నకు ఊర్మిల గుర్తొచ్చింది. టర్బో చాలు అన్నాడు.

తుక్కు కారు నుంచి తీసిన టర్బోను, గాలి ఒత్తిడి బాగా తగ్గించి బిగించాడు. పేట సందుల్లో తిప్పితే కారు లేగదూడలా ఉరికింది. ఘాట్ మీద తిప్పి చూడాల్సింది. అయితే దారిలో చెక్‌పోస్టు ఉంది. పోలేదు.

కారు తీసుకెళ్లిన తొలి రోజు మధ్యాహ్నమే జైనాబ్ ఫోన్ చేసింది. ఎక్కుడులో ఏదో చప్పుడు వస్తోందంటూ ఫోన్‌ను బానెట్ వైపు పెట్టింది. డబ్బాలో గులకరాళ్లు కదిలించినట్టు వినబడింది. ఇంజను లోపల దెబ్బ పడుతోందని బాలన్నకు అర్థమైంది.

"ఆపెయ్యండి అబ్లా. ఇంక ఒక్క అడుగు కూడా వద్దు."

ఆయన మాట పూర్తయ్యేలోపే చప్పుడు ఆగింది. ఇంజనూ ఆగింది.

కారు లారీ మీద షెడ్డుకు వచ్చింది. ఇంజను విప్పితే పిస్టన్ పగిలి ఉంది. కఫీల్ అరుస్తున్నంతసేపూ బాలన్న తల దించుకునే ఉన్నాడు. కఫీల్ వెళ్లాక జైనాబ్ మెల్లగా అడిగింది.

"ఇంజనే మార్చాలని ముందే చెబితే నేను ఆగేదాన్ని కదా?"

"మీరు ఆగేటోళ్లే అబ్లా. నేనే ఆగలేకపోయిన."

ఆమె జెద్దాకు తనే ఫోన్లు చేసి ఇంజను తెప్పించింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది. రంజాన్ వెళ్లాక బాలన్న ఆ ఇంజనును ఏ తొందరా లేకుండా బిగించాడు. కారు ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కింది. అప్పటికి ఊర్మిల నొప్పి ఓర్వలేక తమ్ముణ్ణి తోడు తీసుకుని ఆపరేషన్ చేయించుకుంది.

కఫీల్ మాట తప్పాలనుకోలేదు. కానీ ఈలోపు లెవీ మళ్లీ పెరిగింది, షెడ్డుకు బేరాలు సన్నగిల్లాయి. జైనాబ్ తన జీతంలోంచి కొంత ఇస్తానన్నా బాకీకి అది ఏ మూలకూ చాలలేదు. వచ్చే ఏడు చూద్దామన్నాడు కఫీల్, బాలన్న కళ్లలోకి చూడకుండా.

ఆ సాయంత్రం బాలన్న ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎప్పుడొస్తవని ఇగ అడుగ," అంది ఊర్మిల. "తిన్నవా?"

తినలేదు. తిన్నానని చెప్పాడు.