చీకటి ఆటలో అప్పలకొండ గొంతు

2023 వానాకాలం. రుషికొండ వైపు, సముద్రం కొంచెమే కనబడి ఉప్పుగాలి మాత్రం పూర్తిగా కొట్టే ఒక అద్దె మేడ, రెండో అంతస్తు. వీడియో గేములు తయారుచేసేవాళ్ళంతా దిగులు ముఖాలతో చీకటి బొమ్మలు గీసుకుంటున్న కాలంలో, ఒక గేముకి నవ్వడం నేర్పినవాణ్ణి నేను. నా అరవై ఎనిమిదో ఏట. బెంగళూరు నుంచి వచ్చిన పబ్లిషరు మేడమ్, నేను ఆడి చూపించిన ఆటకి లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. ఇందులో నిజమెంతో తరవాత చెబుతాను. ముందు ఉద్యోగం సంగతి.

నేను ముప్ఫై నాలుగేళ్ళు విశాఖ రేవులో క్రేన్ ఆపరేటర్ని. రేవులో క్రేన్ నడపడమంటే చూస్తూ చేసే పని అని చాలామంది అనుకుంటారు. సగం పని చూడకుండానే చేస్తాం. ఇనప కమ్మీల కట్ట ఓడ కడుపులోకి దిగిపోయాక, అంటే హోల్డ్ అనే ఆ లోతు గదిలోకి వెళ్ళాక, పైన కేబిన్‌లో కూర్చున్నవాడికి తాడు తప్ప ఏమీ కనబడదు. కిందున్న సిగ్నల్‌మేన్ కళ్ళే మన కళ్ళు. వాకీటాకీలో ‘హావీస్’ అన్నాడా, ఎత్తాలి. ‘ఆరియా’ అన్నాడా, దించాలి. ఆ మాటలు ఏ దేశం నుంచి ఏ ఓడ ఎక్కి వచ్చాయో మాకు తెలియదు. మా ముందువాళ్ళు అనేవారు, మేమూ అన్నాం.

రిటైరయ్యాక మా కాలనీ మాస్టారి కూతురు హారిక నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మంచి సాఫ్ట్‌వేరు ఉద్యోగం వదిలేసి, మరో ముగ్గురితో కలిసి గేముల స్టూడియో పెట్టింది. రేవులో క్రేన్ నడిపే గేమొకటి చేస్తున్నారట, అసలు క్రేన్ నడిపినవాడు కావాలట. నన్ను కన్సల్టెంట్ అన్నారు. కన్సల్టెంట్ అంటే తెలిసింది చెబుతూ, తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పేవాడు. ఆ పనికి నాకంటే తగినవాడు జిల్లాలో దొరకడు.

మొదటిరోజే ఒక చిక్కు వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చేతికి లీవరు లాంటిదిచ్చి నడపమన్నారు. తెర మీద కంటైనర్ని ఓడ మీదికి సుతారంగా తెచ్చాను. ఇంతలో వెనకనుంచి హారిక “ఆర్యా!” అని గట్టిగా పిలిచింది. నా చెయ్యి దానంతటదే లీవరుని దించే వైపు తోసేసింది. కంటైనరు దభేలుమని ఓడ కెప్టెన్ గది మీద కూర్చుంది.

“ఏమైంది అంకుల్?”

“నువ్వే కదమ్మా దించమన్నావు!”

తీరా చూస్తే ఆర్య అనేది ప్రోగ్రాములు రాసే అతని పేరు. గడ్డం, కళ్ళజోడు, ఇద్దరు పిల్లల తండ్రి. సంగతి తెలిశాక ఆఫీసంతా పడీపడీ నవ్వింది. హారిక మాత్రం నవ్వలేదు. “అంకుల్, మన గేము టోన్ ఇది కాదు” అంది.

టోన్ అంటే గేము గొంతు. ఈ గేము గొంతు ఏడుపు గొంతు. ఎప్పుడూ వాన, పొగమంచు, తుప్పు. ఆడేవాడు ఒంటరి క్రేన్ ఆపరేటరు. నాకు తెలిసిన రేవులో ఒక మూల టీ, ఇంకో మూల తగువు, మధ్యలో ఎవడో ఎవడినో వెక్కిరించడం ఎప్పుడూ ఉండేవి. ఈ రేవులో నరమానవుడు లేడు. అంత చీకటి చూసీ నాకు పని దొరికిందన్న సంబరంలో “అచ్చం ఇలాగే ఉండేదమ్మా” అన్నాను.

అప్పుడడిగింది హారిక. “అంకుల్, మీ కళ్ళముందు ఎవరైనా పోయారా?”

లేదంటే ఆ పిల్ల నొచ్చుకునేలా ఉంది. పైగా ఎదురుగా ప్లేటులో వేడి పునుగులు. “పోయాడమ్మా” అన్నాను. “నా సిగ్నల్‌మేన్ అప్పలకొండ. తాడు తెగి ఇనప కట్ట మీద పడింది.”

“చివరి మాట ఏమన్నారు?”

చంపినవాణ్ణి నేనే కాబట్టి చివరి మాట కూడా నేనే సమకూర్చాలి. “‘బావా, చీకటిగా ఉంది’ అన్నాడు.” పట్టపగలు పదకొండు గంటలకి జరిగిన సంగతి అది. హారిక కళ్ళు తుడుచుకుని రాసుకుంది. గేము కథంతా దాని చుట్టూ అల్లేశారు. చచ్చిపోయిన సిగ్నల్‌మేన్ వాకీటాకీలోంచి మూలుగుతూ ఉంటాడు, ఆపరేటరు కుమిలిపోతూ ఉంటాడు.

తరవాత ప్లేటెస్ట్ పెట్టారు. సగం తయారైన గేముని బయటివాళ్ళ చేత ఆడించి వాళ్ళ ముఖాలు చూడటమే ప్లేటెస్ట్. కూర దించకముందు ఉప్పు చూడటం లాంటిది. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి కొందరిని పిలిచారు. పావుగంట దాటి ఎవరూ కూర్చోలేదు. ఒకమ్మాయి లేస్తూ మర్యాదగానే చెప్పింది. “బొమ్మలు సూపరున్నాయక్కా. కానీ రోజంతా బ్యాంకు పరీక్ష చదివొచ్చి మళ్ళీ ఇదా?”

ఆ సాయంత్రం హారికకీ ఆర్యకీ గొడవ.

“జనానికి ఫన్ కావాలి హారికా!”

“చావు గురించి చెప్తూ ఫన్ ఏంటి?”

“మూడు వారాల్లో పబ్లిషర్ వస్తోంది. ఆవిడ నో అంటే ఆఫీసు తాళం వేసి నలుగురం నాలుగు దిక్కులు. అది గుర్తుందా?”

పబ్లిషరు అంటే పెట్టుబడి పెట్టి గేముని మార్కెట్‌లోకి తెచ్చేవాళ్ళు. వాళ్ళు కాదంటే ఈ పిల్లల రెండేళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టే. హారిక గోళ్ళు కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగింది.

ఆర్య నాలుగు రోజులు కూర్చుని సరదా గేమొకటి చేశాడు. క్రేనుకి కళ్ళు, మీసాలు. కంటైనరు కింద పెడితే ‘బొయ్’మని ఎగురుతుంది. కింద మనిషి మీద పడితే వాడు అప్పడంలా చదునైపోయి, మళ్ళీ ‘టింగ్’మని లేచి డాన్సు చేస్తాడు. నేనూ ఆడాను. మొదటిసారి నవ్వాను. రెండోసారీ నవ్వాను. మూడోసారి లీవరు పక్కన పెట్టేశాను.

“ఇది తీసెయ్యి నాయనా.”

“ఎందుకంకుల్? నవ్వారు కదా!”

“ఇనుము కింద పడ్డ కాలు చూసినవాణ్ణి. అది టింగుమని లేవదు.”

ఆర్య కళ్ళజోడు సర్దుకున్నాడు. “కాలా? మనిషే పోయాడన్నారు?”

“ముందు కాలు... తరవాత మిగతాది” అని టీ వంకతో బయటపడ్డాను.

అబద్ధం ఎక్కువకాలం దాగలేదు. మర్నాడు హారిక వచ్చి మెల్లగా అడిగింది. “గేము మొదట్లో ‘అప్పలకొండ గారి జ్ఞాపకానికి’ అని వెయ్యాలనుకుంటున్నాం. ఆయన ఫొటో కావాలి. వాళ్ళావిడ దగ్గరికి నన్ను తీసుకెళ్తారా?”

దండ వేసిన ఫొటో అడగడానికి ఈ పిల్ల వెళ్ళడం, తలుపు తీసేది అప్పలకొండే అవడం కళ్ళకు కట్టింది. “వాళ్ళావిణ్ణెందుకమ్మా, వాణ్ణే అడుగుదాం” అన్నాను. “మల్కాపురంలో ఉన్నాడు. కొంచెం కుంటుతాడు, అంతే.”

హారిక తిట్టినా బాగుండేది. “కథంతా ఆయన చావు మీద నిలబెట్టాం అంకుల్. ఇక రెండు వారాలే ఉంది” అని మాత్రం అంది. నా వయసుకి ఆ మాట వినడం కంటే రెండు చెంపదెబ్బలు తినడం తేలిక.

మర్నాడు అప్పలకొండని పిలిపించాను. రెండు బస్సులు మారి, కాలీడ్చుకుంటూ రెండంతస్తులెక్కి వచ్చాడు.

“ఏట్రా బావా, నన్ను సంపీసినావంట? దినం బోజనాలైనా ఎట్టినావా నేదా?”

కూర్చోబెట్టి గేము చూపించారు. వాకీలోంచి మూలుగు వచ్చింది: ‘బావా, చీకటిగా ఉంది.’

“ఈడెవుడు?”

“నువ్వే” అన్నాను.

“నానా? నానిలాగ మూలుగుతానేటి? పనికాడ ఇలాగ మాటాడితే మేస్త్రీ ఇంటికి పంపీడా?”

హారిక కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మరి మీరేం మాట్లాడేవారండీ?”

“ఏటి మాటాడతామమ్మా, సొల్లు. ఈడి బట్టతల గురించి. మా ఆడది ఒండిన సేపల పులుసు గురించి. నోరు ముయ్యకుండా వాగాల. అదే నా పని.”

“పని మధ్యలో జోకులా? ప్రమాదం కదా?”

“జోకు ఆగితేనే పెమాదం తల్లీ. ఆడు ఆకాశంలోన, నాను ఓడ కడుపులోన. ఆడికి నాను కనబడను. నా వాగుడు ఇనబడతన్నంతసేపూ నాను బాగున్నట్టు లెక్క. వాగుడాగిందా, సెయ్యాపాల. ఎందుకాగిందని అడక్కూడదు. ముందు సెయ్యాపాల.”

హారికా ఆర్యా ఒకరివైపొకరు చూసుకున్నారు. అన్ని రోజుల్లో వాళ్ళు తగువు లేకుండా చూసుకోవడం అదే మొదలు.

ఆర్య నెమ్మదిగా అన్నాడు. “వాయిస్ ఆగితే ఆడేవాడు లీవరు వదలాలి. అదే గేము.”

“వాయిస్ నవ్విస్తూ ఉండాలి. లేకపోతే ఆగినప్పుడు తెలీదు” అంది హారిక.

ఈ సంగతి నాకు ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు. ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదు. వాళ్ళు చీకటి అడిగారు, నేను చీకటి సరఫరా చేశాను.

వాన ఉంచారు, తుప్పు ఉంచారు, చీకటీ ఉంచారు. దెయ్యాన్ని మాత్రం తీసేసి ఆ వాకీలో అప్పలకొండని పెట్టారు. గోడలకి పరుపులు ఆనించిన చిన్న గదిలో మూడు రోజులు వాగాడు. నా బట్టతల మీద వాడికి ఇంత సాహిత్యం ఉందని నాకే తెలియదు. ఒకటే ఇబ్బంది, హారిక “ఆర్యా, రెడీనా?” అన్నప్పుడల్లా వాడి అరచెయ్యి, దించమనే సైగలా, దానంతటదే కిందికి తిరిగేది.

పబ్లిషరు మేడమ్ వచ్చింది. ఉత్తరాది మనిషి, తెలుగు బాగానే నేర్చుకుంది. తెర మీద వాన చూడగానే చిన్నగా నిట్టూర్చి, “ఈమధ్య అందరూ చీకటే తెస్తున్నారు” అంది. లీవరు పట్టుకుంది. అప్పలకొండ గొంతు మొదలైంది. చేపల పులుసు దగ్గర చిరునవ్వు, బట్టతల దగ్గర పకపకా నవ్వు. ఆ నవ్వులో ఉండగానే గొంతు ఆగింది. ఆవిడ గమనించలేదు. ఇనప కట్ట కిందికి దిగుతూనే ఉంది. అడుగు తాకింది. తెర మీద రక్తం లేదు, కేక లేదు. వాకీలో బుస్సుమనే చప్పుడొకటే.

“ఆయన ఎక్కడ?” అని అడిగింది ఆవిడ. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పొద్దని ముందే అనుకున్నాం.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నవ్వుతూనే చెవులు రిక్కించి కూర్చుంది. గొంతు ఆగగానే లీవరు మీంచి చెయ్యి లాగేసింది. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు వాకీ పలికింది. “ఏటి బావా, ఆపీసినావు? తుమ్మొచ్చిందిరా. తుమ్ముకోనీ.” మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. వారం తిరక్కుండా ఒప్పందం కాగితాలు వచ్చాయి. స్టూడియోకి తాళం పడలేదు.

ఇక మొదట చెప్పిన గొప్పల సంగతి. ఆట ఆడి చూపించింది నేను కాదు, ఆవిడే ఆడుకుంది. ఆవిడ లేచి పట్టుకున్నవి నా చేతులు కావు, పక్కనే కూర్చున్న అప్పలకొండవి. నేనసలు ఆ గదిలోనే లేను. వరండాలో నిలబడి ఉన్నాను. లోపల జరిగిందంతా హారిక చెప్పగా విన్నదే. ఆ గొంతు ఆగే చోట నేను కూర్చోలేను.

ఎందుకంటే అప్పలకొండ కాలు దెబ్బతిన్న రోజున తాడు తెగలేదు. ఆ మాట ఇంట్లోనూ బయటా ఇన్నేళ్ళూ చెప్పాను గానీ తెగలేదు. పగలు పదకొండింటికి కమ్మీల కట్ట దించుతున్నాను. వాకీలో వాడి మాట ఆగింది. ఏ బీడీయో ముట్టించుకుంటున్నాడనుకున్నాను. చెయ్యి ఆపలేదు. కట్టకీ ఓడ గోడకీ మధ్య వాడి కాలు నలిగిపోయింది.

ఈ గేము నాకు నేర్పింది ఇది. చీకటిని ఎంత చిక్కగా పూసినా మనిషికి భయం పుట్టదు, విసుగు పుడుతుంది. ఉత్త నవ్వు పెడితే దెబ్బకి విలువ పోతుంది. పక్కవాడి నవ్వు మనకి అలవాటైపోవాలి, అది ఆగినప్పుడు గుండె ఆగాలి. గేమైనా పనైనా అంతే. నవ్వు ఆగితే చెయ్యి ఆపాలి. తెలిసీ ఆ రోజు నేను ఆపలేదు.

ఇంతవరకూ రాసి, అచ్చుకి పంపేముందు మల్కాపురం వెళ్ళి అప్పలకొండకి చదివి వినిపించాను. వాడి గురించి రాసింది కదా. కాలు చాపుకుని, కళ్ళు మూసుకుని, అంతా విన్నాడు. చివరికి వచ్చేసరికి కళ్ళు తెరిచాడు.

“అంతా బాగానే రాసినావు గానీ బావా, అదొక్కటీ తప్పు. నాను మాటాపలేదురా. ‘ఆపు, ఆపు’ అని గొంతు సించుకున్నాను. నువ్వేసిన జోకుకి నువ్వే నవ్వుకుంటా వాకీ బొత్తాం నొక్కి పట్టుకున్నావు. బొత్తాం నొక్కినోడికి అవతలోడి మాట ఎలాగ ఇనబడతాది? నాకు మాత్రం నీ నవ్వు ఇనబడతానే ఉంది. కాలు నలిగినంతసేపూ.”