ఒకటో నంబరు కుర్చీ

కెనడాలోని రెజైనాలో నేను పనిచేసిన ఆసుపత్రివాళ్లు నన్ను డయాలిసిస్ యూనిట్‌లో మంగళ, గురు, శనివారాల మధ్యాహ్నం షిఫ్టుకి ఛార్జ్ నర్సుగా వేసింది నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఆగస్టు చివరి వారంలో. ఛార్జ్ నర్సంటే పెద్ద హోదా ఏమీ కాదు. మేనేజరు కింద, మిగతా నర్సుల పైన. ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి, ఎవరికి ఏ నర్సు, ఏ మెషిన్ మొరాయించింది, డాక్టరుకి ఎప్పుడు ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ చూసుకోవాలి. అప్పటికే గుంటూరులో కొన్నేళ్లు, గల్ఫులో కొన్నేళ్లు, ఇక్కడ అంతకు రెట్టింపు చేసి ఉన్నాను. మోకాళ్లు అరిగిపోయాయి. కొత్త బాధ్యత వద్దని చెప్పే ఓపిక కూడా లేక ఒప్పుకున్నాను.

కిడ్నీలు పనిచెయ్యనివాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మెషిన్ పక్కన కూర్చుంటారు. మెషిన్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది, ఒంట్లో చేరిన నీరు తీస్తుంది. వీళ్లలో చాలామందికి మూత్రం రాదు, తాగిన ప్రతి గ్లాసూ లోపలే ఉండిపోతుంది. అందుకే లోపలికి రాగానే తలుపు పక్కనున్న తూకం ఎక్కాలి. అదనపు నీరు లేనప్పటి బరువుని డ్రై వెయిట్ అంటాం. దానికంటే ఎన్ని కిలోలు ఎక్కువ తూగితే అన్ని లీటర్లు తియ్యాలన్నమాట. రెండు కిలోలైతే ఫరవాలేదు. నాలుగు దాటితే కాళ్లు కొంకర్లు పోతాయి, బీపీ పడిపోతుంది, మనిషి నరకం చూస్తాడు.

మా షిఫ్టులో పన్నెండు కుర్చీలు. అందులో తొమ్మిదిమంది ఫుట్‌బాల్ పిచ్చివాళ్లు. ఫుట్‌బాల్ అంటే మనవైపు కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్లమీద ఒకళ్లు పడే ఆట. జట్టు పేరు రాయను, రెజైనాలో ఉన్నవాళ్లకి రాయక్కర్లేదు. సూదులు గుచ్చడం దగ్గర్నుంచి తీసేదాకా ఒకటే గోల. ప్లేఆఫ్స్‌కి వెళ్తామా, వెళ్తే ఆట శనివారమా ఆదివారమా, ఏ ఛానల్లో వేస్తారు, డ్రాఫ్ట్‌లో మన వంతు ఎన్నోది? కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారట. ఆ ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకి మొదటి వంతు. బలహీనుడికి ముందు అవకాశం అన్నమాట. వినడానికి బాగానే ఉందనుకున్నాను.

ఈ గోలకంతా నాయకుడు సుధాకర్ గారు. ఏలూరు ఆయన, ప్రావిన్సు ప్రభుత్వంలో ఐటీ ఉద్యోగం, యాభై అయిదేళ్లుంటాయి. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎడంచేత్తో స్ప్రెడ్‌షీట్ కొడుతూ ఉండేవారు. ఆయనకి ఎదురు వాదించేది వాల్టర్. ధాన్యం గిడ్డంగిలో జీవితమంతా పనిచేసిన మనిషి, అరవై ఏళ్లు. మూడేళ్లుగా నీళ్లు కప్పుతో కొలుచుకుని తాగేవాడు. ఎప్పుడూ కిలోన్నర దాటి వచ్చేవాడు కాదు. ఆ శరదృతువులోనే ఆయన పేరు కిడ్నీ మార్పిడి జాబితాలో చేర్చాలా వద్దా అని కమిటీ పరిశీలిస్తోంది. ఆ కమిటీ రక్తపరీక్షలతో పాటు ఇంకోటి చూస్తుంది: ఈ మనిషి చెప్పినమాట వింటాడా? వినడని ఫైల్లో ఒక్క ముక్క కనపడినా వెనక్కి పెట్టేస్తారు.

గొడవ టీవీ దగ్గర వచ్చింది. కుర్చీలకున్న చిన్న తెరల్లో ఆటలు వచ్చే ఛానల్ రాదు. గోడమీద పెద్ద టీవీలో వస్తుంది, కానీ అది సరిగ్గా కనపడేది ఒకటి, రెండు నంబర్ల కుర్చీల నుంచే. సెప్టెంబరులో ప్రతి శనివారం ఆ రెండు కుర్చీల కోసం పెద్దమనుషులు చిన్నపిల్లల్లా అలిగేవాళ్లు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకరోజు సుధాకర్ గారే ఉపాయం చెప్పారు.

“సిస్టర్ గారూ, మీరెవరికిచ్చినా ఇంకొకళ్లు ఫీలవుతారు. డ్రాఫ్ట్ పెట్టేయండి. ఆ రోజు ఎవరికి ఎక్కువ నీరు తియ్యాలో వాళ్లకి ఫస్ట్ పిక్. సఫర్ అయ్యేది వాళ్లే కదండీ.”

నాకు ముచ్చటేసింది. నిజమే, ఎక్కువ బాధపడేవాడికి మంచి కుర్చీ ఇస్తే తప్పేముంది? బీపీ నిలకడగా లేనివాళ్లు మాత్రం నర్సుల బల్ల పక్కనే కూర్చోవాలన్న నియమం అలాగే ఉంచి, మిగతావాళ్లకి ఈ పద్ధతి పెట్టాను. మేనేజరుని అడగలేదు. ఇంత చిన్నదానికి అడగడం ఎందుకనిపించింది. తూకం పక్కన తెల్లబోర్డు తగిలించాను. అంకెలు రాయం, వరస మాత్రం రాస్తాం. సుధాకర్ గారు దానిపైన ‘డ్రాఫ్ట్ బోర్డ్’ అని నీలం రంగులో రాసిపెట్టారు.

గొడవలు ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్టోబరులో డైటీషియన్ వచ్చి, శనివారాలు మీవాళ్ల బరువులు కొంచెం కొంచెం పెరుగుతున్నాయి, గమనించారా అని అడిగింది. థాంక్స్‌గివింగ్ పండగ భోజనాలు, చలికి సూపులు, ఇంకేముంటుంది అన్నాను. మంగళ, గురువారాల బరువులు ఎప్పట్లాగే ఉన్నాయని ఆమె కాగితం చూపించింది. చూస్తానన్నాను. ఆ కాగితం నా జేబులోనే ఉతుకుల్లో నలిగిపోయింది.

ఆ రోజుల్లోనే సుధాకర్ గారికీ వాల్టర్‌కీ ఒక వాదన నడుస్తుండేది. ప్లేఆఫ్ ఆశ పోయిన జట్టు మంచి ఆటగాళ్లని పక్కన కూర్చోబెట్టి కావాలనే ఓడిపోతుంది, డ్రాఫ్ట్‌లో మొదటి వంతు కోసం, దాన్ని టాంకింగ్ అంటారు అని సుధాకర్ గారు. ఆటగాడన్నవాడు కావాలని ఓడడు అని వాల్టర్. వాళ్లిద్దరి మధ్య నిలబడి సూదుల మీద టేపు వేస్తూ ఇదంతా విన్నాను. విన్నానే గానీ చెవిన పెట్టలేదు.

నవంబరుకి మా ఊరి జట్టు ప్లేఆఫ్స్‌కి చేరింది. ఆట మా ఊళ్లోనే. ఏళ్ల తరబడి ఆ ఆటలు ఆదివారాలు జరిగేవి, ఆదివారం మా యూనిట్‌కి సెలవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఏడు టీవీవాళ్ల కోసం శనివారం మధ్యాహ్నానికి మార్చారు. సరిగ్గా మా షిఫ్టు మీద వచ్చి పడింది. వాల్టర్ నా దగ్గరికి వచ్చి, శుక్రవారం ఎక్కడైనా ఒక కుర్చీ దొరుకుతుందా, స్టేడియానికి వెళ్తాను అని అడిగాడు. శుక్రవారం కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. పోనీ శనివారం మానేస్తాను అన్నాడు. కుదరదన్నాను. శనివారం మానేస్తే గురువారం నుంచి మంగళవారం దాకా అయిదు రోజులు. రక్తంలో పొటాషియం పేరుకుపోయి గుండె ఆగిపోవచ్చు. ఆయనకి ఇది నేను చెప్పక్కర్లేదు. తలూపి, సరే, ఒకటో నంబరు ఉందిగా అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ శనివారం పన్నెండుంబావుకి తూకం ఎక్కినప్పుడు వాల్టర్ ఆరు కిలోలు ఎక్కువ ఉన్నాడు. ముఖం ఉబ్బింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆయన మాత్రం తెల్లబోర్డు వైపు చెయ్యి చూపించి, ఒకటో నంబరు నాదే అన్నాడు.

ఏడో నంబరులో, నర్సుల బల్ల పక్కన కూర్చోబెట్టాను. ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకి ఫోన్ చేసి, మెషిన్ మొదలుపెట్టాం. ఆరు లీటర్లు నాలుగు గంటల్లో లాగితే గుండె తట్టుకోదు. నిదానంగా తియ్యాలి, కానీ ఊపిరితిత్తుల్లో చేరిన నీరు మనం నిదానిస్తే ఆగదు కదా. గంటన్నర గడిచాక ఛాతీలో నొప్పి అన్నాడు. బీపీ ఒక్కసారిగా పడిపోయింది. మంచం వచ్చింది, ఎమర్జెన్సీ టీమ్ వచ్చింది. ఐసీయూకి తీసుకెళ్తుంటే టీవీలో జనం ఘోషిస్తున్నారు. ఆయన అటు తల తిప్పాలని చూశాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఐసీయూ బయట ఆయన భార్య లిండా నన్ను ఒకటే అడిగింది: “మూడేళ్లు కప్పుతో కొలుచుకుని తాగినవాడు, ఇవాళ ఎందుకిలా చేశాడు?” తెలియదన్నాను. నిజానికి తూకం దగ్గరే నాకు అర్థమైంది. ఒప్పుకునే ఓపిక లేకపోయింది.

ఇలాంటిది జరిగితే షిఫ్టు అయ్యేలోపు కంప్యూటర్లో ఇన్సిడెంట్ రిపోర్టు పెట్టాలి. ఏం జరిగింది, ఎప్పుడు, ఏం చేశాం, కారణం. కారణం దగ్గర కొన్ని గడులుంటాయి. కాళ్లు పీకుతున్నాయి, బస్సుకి టైమైపోతోంది. ‘రోగి సూచనలు పాటించలేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి పంపేశాను. అబద్ధం కాదు. ఆయన తాగకూడనిది తాగాడు. మర్నాడు చర్చిలో కూర్చున్నంతసేపూ ఆ టిక్కే కళ్లముందు ఉంది. అది మార్పిడి కమిటీకి వెళ్తుందని నాకు తెలుసు.

మంగళవారం సుధాకర్ గారు తూకం ఎక్కి, బోర్డు వైపు చూసి, నా వైపు చూశారు.

“వాల్టర్ ఒక్కడే కాదు సిస్టర్ గారూ. అందరం చేశాం. శనివారం పొద్దున నేనూ రెండు గ్లాసులు ఎక్స్‌ట్రా తాగి వచ్చేవాణ్ణి. ఆయన ఎప్పుడూ చెయ్యలేదు, మొన్న ఒక్కసారే చేశాడు. అలవాటు లేదు కదా, ఎంత తాగితే ఎంతవుతుందో తెలీలేదు.”

నాకు ఒళ్లు మండింది. “మరి నాకు ముందే చెప్పొచ్చుగా సుధాకర్ గారూ!” అన్నాను.

“టాంకింగ్ అని నెల రోజుల నుంచీ మీ ఎదురుగానే డిస్కస్ చేసుకుంటున్నాం కదండీ. మీకర్థమై కూడా ఊరుకున్నారనుకున్నా,” అన్నారు. ఆయన నవ్వలేదు. తల దించుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు టీ టైములో బోర్డు దింపేశాను. పెట్టిన రిపోర్టు చెరపడం కుదరదు, దానికింద అనుబంధం రాయొచ్చు. రాశాను. ఎక్కువ బరువుతో వచ్చినవారికి మంచి కుర్చీ ఇచ్చే పద్ధతి సెప్టెంబరు నుంచి ఈ షిఫ్టులో ఉందని, అది నేనే పెట్టానని, పైవారి అనుమతి లేదని, డైటీషియన్ హెచ్చరించినా పట్టించుకోలేదని, శనివారాల బరువులు మాత్రమే పెరగడం దానివల్లేనని, వాల్టర్ మూడేళ్లలో సూచన తప్పినది ఇదొక్కసారేనని. నాలుగు వాక్యాలు రాయడానికి నలభై నిమిషాలు పట్టింది.

మేనేజరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. తలుపు వేసి, ఇది రాయకపోయినా ఎవరూ అడిగేవారు కాదు తెలుసా అంది. తెలుసన్నాను. నా ఫైల్లో ఒక లెటర్ చేరింది. ఛార్జ్ బాధ్యత తీసేసి మళ్లీ మామూలు నర్సుగా వేశారు. బాధ కలిగింది, కాదనను. అన్నేళ్ల ఉద్యోగంలో నా ఫైల్లో అలాంటి కాగితం అదే మొదటిది.

వాల్టర్ పదకొండు రోజులు ఐసీయూలో, వార్డులో ఉండి మా యూనిట్‌కి తిరిగి వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఆ ఆట రికార్డింగ్ ఉందని సుధాకర్ గారు ఎన్నిసార్లు అన్నా వద్దన్నాడు. అప్పటికి కుర్చీలకి చీటీలు తీస్తున్నారు. కొన్ని లీగుల్లో టాంకింగ్ ఆపడానికి చేసేది కూడా అదేనట, లాటరీ. ఆ సంగతి సెప్టెంబరులోనే సుధాకర్ గారికి తెలుసు, నేను అడగలేదు. వాల్టర్‌కి మొదటి వారం పన్నెండో నంబరు వచ్చింది. అక్కడినుంచి టీవీ అంచు కూడా కనపడదు. కిలో రెండువందల గ్రాములు ఎక్కువతో వచ్చి, వెళ్లి అక్కడే కూర్చున్నాడు.

కమిటీ ఆయన విషయం కొట్టెయ్యలేదు, మూడు నెలలు వాయిదా వేసింది. అనుబంధం చదివాకే వాయిదాతో సరిపెట్టారని డాక్టరు చెప్పారు. మార్చిలో ఆయన పేరు జాబితాకి ఎక్కింది. నేను రిటైరయ్యే నాటికి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఉద్యోగం వదిలాక, రోగికి తర్వాత ఏమైందో అడిగి తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఆ ఏడాది నేను నేర్చుకున్నది చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. రోగి ఏం తప్పు చేశాడో రాయడానికి ఫారంలో గడి ఉంది. అలా చేస్తే అతనికి మేం ఏమిస్తామని ఆశ పెట్టామో రాయడానికి గడి లేదు. మిగిలిన ఉద్యోగమంతా టిక్కు పెట్టే ముందు ఆ లేని గడి గురించి ఒక నిమిషం ఆలోచించాను. బస్సు తప్పిన రోజులు కూడా ఉన్నాయి.