అష్టమినాటి సముద్రం

రావిచెట్టునూ సముద్రాన్నీ ఊరికే ముట్టుకోకూడదని మా అత్తగారు చెప్పారు. రావిచెట్టుకు శనివారం, సముద్రానికి పౌర్ణమి, అమావాస్య. మిగతా రోజుల్లో దూరం నుంచి దణ్ణం పెట్టుకుని రావడమే. నరసాపురం దాటాక సరుగుడు తోటల వెనక మా కొబ్బరితోట, తోట చివర సముద్రం. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ హోరు వింటూనే వంట చేశాను, పిల్లల్ని నిద్రపుచ్చాను. నీళ్ళలో కాలు పెట్టింది మాత్రం పర్వదినాల్లోనే.

ఆ స్నానాలు ఇప్పుడు తలుచుకుంటే కలలో జరిగినట్టుంటాయి. ఆడవాళ్ళం చేతులు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళం. కెరటం లేచేది. ఎండ దాని వెన్ను మీద ఆకుపచ్చగా వెలిగేది. ఎవరో “వచ్చిందర్రా” అనేవారు. ఆపైన హోరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. లేచి చూసుకుంటే జుట్టు నిండా ఇసుక, అరచేతిలో పక్కావిడ గాజు ముక్క. మూడు మునకలూ అయ్యాయో లేదో లెక్క చూసుకుని, తక్కువైతే మళ్ళీ దిగేదాన్ని. సముద్రమంటే అదేననీ, ఎప్పుడూ అలాగే ఉంటుందనీ నా నమ్మకం.

మా మనవరాలు విశాఖపట్నంలో చదువుకుని అక్కడే ఆఫీసులో చేరింది. ఒక మాఘ బహుళ తదియ నాడు, మనిషి కంటే పొడవైన తెల్లటి బోర్డు ఒకటి ఆటో మీద కట్టించుకుని ఇంటికి వచ్చేసింది. కేలండర్లో ఆ తిథి పక్కన గుర్తు పెట్టాను. ఉద్యోగం మానేసిందట. బోర్డు మీద నిలబడి కెరటంతో పాటు జారుతూ ఒడ్డుకు రావడం పిల్లలకు నేర్పుతుందట. దాన్ని సర్ఫింగ్ అంటారట.

పక్కింటావిడ ప్రహరీ మీంచి అడిగింది. “ఏంటండీ, మీ మనవరాలు సర్ఫు బడి పెడతందంట? బట్టలుతకడానిక్కూడా బడేంటండీ?”

“అవునమ్మా. మీ దండెం మీద తువ్వాళ్ళు చూశాకే ఆ ఆలోచన వచ్చిందంట” అన్నాను.

మా అబ్బాయి రొయ్యల చెరువులు చూసుకుంటాడు. నీళ్ళను నమ్ముకున్నవాడి బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాడు. “వేసవి సెలవుల దాకా చూడమ్మా. పిల్లలు చేరారా, సరే. లేదా, మారుమాట్లాడకుండా వైజాగ్ బస్సెక్కాలి” అన్నాడు కూతురితో. అది ఒప్పుకుంది. తోట నాది కాబట్టి, బోర్డులు పెట్టుకునే పాకకు నన్ను చోటు అడిగింది.

“వేసుకో. నేర్పేది మాత్రం పౌర్ణమికీ అమావాస్యకే.”

“నెలకి రెండు రోజులా మామ్మా? బడా, ఉపవాసమా?”

“పర్వం లేకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదు.”

“నేను రోజూ ముట్టుకుంటున్నాగా.”

“నీ పాపం నీది. ఊళ్ళో పిల్లల పాపం నా తోటకి చుట్టకు.”

చైత్ర బహుళ అమావాస్య ఉదయం ముహూర్తం నేనే పెట్టాను. ఊళ్ళోంచి నలుగురైదుగురు పిల్లలు తల్లులతో వచ్చారు. సముద్రం నిండు పోటు మీద ఉంది. కెరటాలు ఒడ్డును ఆనుకునే లేచి ఒక్కసారిగా విరిగిపడుతున్నాయి. మనవరాలు చాలాసేపు చూసి, “ఇవాళ వద్దు మామ్మా” అంది. ముహూర్తం దాటిపోతుందన్నాను. సరే, శాస్త్రానికి ఒక్కరు చాలంది. అందరిలో పెద్దదైన పిల్లను మోకాలి లోతులో నిలబెట్టి, బోర్డు పట్టుకోవడం చూపించబోయింది. కెరటం బోర్డును ఎత్తి కొట్టింది. పిల్ల పెదవి చిట్లింది.

“ఆటలు మీ పిల్లతో ఆడించుకోండి మామ్మగారూ” అని ఆ తల్లి కొంగుతో పిల్ల మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. సాయంత్రం మా అబ్బాయి టికెట్టు ఏ రోజుకు తీయమంటావని కూతుర్ని అడిగాడు.

అది నా దగ్గరకొచ్చి కూర్చుంది. “వెళ్తాను మామ్మా. వెళ్ళేలోపు ఒక్కసారి అష్టమినాడు వచ్చి చూడు. ముట్టుకోవద్దు. ఒడ్డున కూర్చో, చాలు.”

“అష్టమినాడు ఎవరైనా గడప దాటి మంచిపనికి వెళ్తారా?”

“మంచిపనని ఎవరన్నారు? ఊరికే రా.”

వైశాఖ శుద్ధ అష్టమి. తెల్లవారుతుండగా అది నాకు పీట వేసింది, నీళ్ళ అంచుకు బాగా ఇవతల. సముద్రం ఎటో వెళ్ళిపోయినట్టుంది. తడి ఇసుక అద్దంలా పరుచుకుని, అందులో ఆకాశం లేత గులాబీరంగులో పడుకుని ఉంది. హోరు లేదు. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు మెత్తటి చప్పుడు. ఎక్కడో దూరాన, చీర కుచ్చెళ్ళు సర్దుకున్నట్టు ఓ చిన్న కెరటం లేచింది. దాని మీద నా మనవరాలు నిలబడి ఉంది. తొందరేమీ లేకుండా, నీళ్ళ మీద నడిచి వస్తున్నట్టు వచ్చి, లోతు తక్కువైన చోట దిగి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

అలా ఎంతసేపు చూశానో తెలియదు. వేళ తెలియకపోవడం నాకు అలవాటు లేదు. ఇన్నేళ్ళూ నేను చూసింది పోటు మీదుండే పౌర్ణమి సముద్రాన్నీ, అమావాస్య సముద్రాన్నీ. ఒక మనిషిని ఎప్పుడూ కోపంలో ఉన్నప్పుడే పలకరించి, కోపిష్టిదని పేరు పెట్టినట్టయింది. మా అత్తగారికీ తెలిసి ఉండదు. ఆవిడ అత్తగారు ఆవిణ్ణీ పర్వదినాల్లోనే తీసుకువెళ్ళి ఉంటారు.

పాదాలు చల్లబడ్డాయి. చూస్తే పీట కింద నీళ్ళు. నురుగు నా వేళ్ళ మధ్య కాసేపు ఆగి, ఇసుకలోకి ఇంకిపోయింది. నేను కాళ్ళు వెనక్కు తీసుకోలేదు.

బోర్డు చంకలో పెట్టుకుని వచ్చిన మనవరాలు అది చూసింది. “మామ్మా, అష్టమినాడు ముట్టేసుకున్నావు.”

“నేను ముట్టుకోలేదే. అదే వచ్చి ముట్టుకుంది.”

ఇంటికి వెళ్ళే దారిలో పెదవి చిట్లిన పిల్ల ఇంటి ముందు ఆగాను. రేపు పొద్దున్నే పిల్లను తీసుకురమ్మన్నాను.

“రేపు నవమి కదండీ. మీరేనా ఈ మాట చెప్పేది?” అంది తల్లి.

“నేనే చెబుతున్నాను. ముందు నువ్వు చూడు. దింపాలనిపిస్తేనే దింపు.”

ఆవిడ వచ్చింది. సముద్రాన్ని చూసింది, నన్ను చూసింది, చాలాసేపటికి పిల్ల చెయ్యి వదిలింది. ఆ పిల్ల పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఎండ కొబ్బరాకుల్లోంచి దిగేవేళకు ఒకసారి నిలబడింది, రెప్పపాటు. ఒడ్డున తల్లి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. సెలవులు అయ్యేసరికి బోర్డు ఒక్కటీ చాలక, మా అబ్బాయే వ్యాను వేసుకుని వెళ్ళి మరికొన్ని తెచ్చాడు. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు పాకలో గోడకు కేలండరు నేనే తగిలిస్తాను. అష్టమీ, దానికి అటూ ఇటూ రోజులూ కొత్తగా చేరిన చిన్నపిల్లలవి. “గాలి కూడా చూడాలి మామ్మా, తిథి ఒక్కటే చాలదు” అంటుంది మనవరాలు. చూడమన్నాను, అది దాని పని. పౌర్ణమికీ అమావాస్యకీ బడికి సెలవు. ఆ రోజు ఇద్దరం స్నానానికి వెళ్తాం. దాని చెయ్యి నేను పట్టుకుంటాను. మునకలు నేనే లెక్కపెడతాను.