మందు వేడి

మా ఇంటాయన మణుగూరులో బొగ్గు లారీల మెకానిక్. ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని కాసేపు విని, తేడా ఎక్కడుందో చెప్పేవాడు. ఖైనీ మానవయ్యా అని ఎంత మొత్తుకున్నా వింటేనా! చివరికి నోటి క్యాన్సర్ వచ్చింది.

ఖమ్మం ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి మందు ఎక్కించారు. రెండోసారి ఎక్కించుకుని ఇంటికి వచ్చాక, "చెవులల్ల గుయ్యిమంటుందే" అన్నాడు. "మందు వేడి చేసింది, ఇంకేంది?" అన్నాను. మా వాడలో ఏ మందు తేడా చేసినా వేడే కదా! సబ్జా గింజలు నానబెట్టి తాగించాను, మాడుకు ఆముదం పెట్టాను. తర్వాతిసారి డాక్టర్ అడగనే అడిగాడు, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని. "ఏం లేదు సార్, అంతా మంచిగనే ఉంది" అన్నాడు ఈయన. ప్రాణం పోస్తున్న మనిషి ముందు చెవుల గురించి నసగడం మర్యాద కాదనుకున్నాడట. పక్కనే ఉన్న నేనూ నోరు మెదపలేదు. చెప్పి ఉంటే మందు మార్చేవారేమో. చెవులు బొత్తిగా పోయాక చెప్పాం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పుండు మానింది గానీ, ఇంజన్ చప్పుడు వినపడక ఆయన లారీల షెడ్డు ఇంకొకరికి ఇచ్చేశాం.

మొన్న మా ఆడబిడ్డ కూతురు వచ్చింది. హైదరాబాద్‌లో మందుల మీద పరిశోధన చేస్తోంది. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. ఇసుక జాతి రేణువట, కంటికి ఆననంత చిన్నది, ఒళ్లంతా తూట్లే.

"ఈ తూట్లల్ల మందు నింపి మూత పెడ్తం అత్తమ్మా. గడ్డ కాడికి పోయినంకనే మూత తెరుచుకుంటది. చెవులకు, కిడ్నీలకు పోయే మందు తగ్గుతది."

"మరి అప్పుడేం జేసిన్రే మీరంతా?" అని గయ్యిమన్నాను. పాపం, ఆ పిల్లదేం తప్పు? "ఇంకా ఎలుకల మీదనే చూస్తున్నం" అంది మెల్లగా.

ఆయన మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. "ఏందట?" అని అరిచాడు. ఇప్పుడు ఆయన మాటంతా అరుపే. పెదవులు ఆయనకు కనిపించేలా కదిలిస్తూ చెప్పాను: "కొత్త మందు. చెవులు పోవు."

మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "నాయి గూడ మంచిగయితయా?"

పిల్ల తల దించుకుంది. కావని తల అడ్డంగా ఊపాల్సి వచ్చింది నేనే.

"సరే తియ్" అన్నాడు. తర్వాత పిల్ల వీపు తట్టి, "జల్దీ కానియ్ బిడ్డా" అన్నాడు.